కర్ణవేధము – కుట్టిన చెవికి కాపుదల



జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలలో మనుమడో మనుమరాలో పుట్టిన యింట పెద్దలు నిర్ణయింపవలసిన శుభకార్యములలో చెవులు కుట్టించుట యొకటి. ముహూర్తము ఎప్పుడు, శిశువును ఒడిలో కూర్చుండబెట్టుకొను మేనమామ ఎవరు, తీగ ఎంత బంగారముతో చేయింపవలెను అను విషయములను గూర్చి యింటిల్లిపాదియు చర్చింతురు. కుట్టిన పిమ్మట ఆ చెవిని మానువఱకు ఎట్లు కాపాడవలెనను మాట మాత్రము చర్చకు వచ్చుట అరుదు. చెవి కుట్టుటకు ఒక్క నిమిషము చాలును. మానుటకు వారములు పట్టును. ఆపద వచ్చునది ఆ నిమిషమున కాదు, ఈ వారములలోనే. మన ప్రాచీన వైద్యులు ఈ సంగతి నెఱిగినవారు. వారి గ్రంథములలో సూదికి కొన్ని పంక్తులే గాని, కుట్టిన పిమ్మటి కాపుదలకు, చెడిన చెవిని బాగుచేయుటకు పెక్కు పంక్తులు కలవు. ఆ చరిత్రను కొంత వివరించి, అందు నేటికిని నిలిచినదేది, విడువవలసినదేది యను సంగతిని నేటి ప్రసంగమున మనవి చేసెదను.

మొదట మాటల సంగతి. అమరకోశమున చెవి సొమ్ములకు కర్ణిక, తాలపత్రము, కుండలము, కర్ణవేష్టనము అను పేర్లు కలవు. ఇందు తాలపత్రమనగా తాటియాకు. మన తెలుగున 'కమ్మ' యను మాటకును ఈ రెండర్థములే. తాటికమ్మ అన్నప్పుడు అది ఆకు; చెవికమ్మ అన్నప్పుడు అది సొమ్ము. ఈ రెండింటికి గల సంబంధము ఊహ మాత్రము కాదు. లేతాకును సన్నగా చీల్చి, చుట్టగా చుట్టి, చెవి రంధ్రమున పెట్టినచో, ఆ చుట్ట తన బిగువుచేత మెల్లమెల్లగా విచ్చుకొనుచు రంధ్రమును పెద్దది చేయును. బంగారము కొనలేని పేదలకు అదియే భూషణము. కొనగలవారికి అది బంగారు సొమ్మునకు ముందు పెట్టు సాధనము. తరువాత బంగారముతో చేసిన సొమ్మునకును ఆకు పేరే నిలిచినది. ఒక్క మాటలో మన తాతముత్తాతల యలవాటంతయు దాగియున్నది.

శిల్పములను చూచినను ఈ యలవాటు ఎంత ప్రాచీనమో తెలియును. అమరావతి మొదలగు చోట్ల లభించిన బుద్ధమూర్తులకు చెవితమ్మెలు పొడవుగా వ్రేలాడుచుండును, వానియందు సొమ్ములుండవు. రాజకుమారుడుగా ధరించిన కుండలములను సన్న్యాసమున త్యజింపగా మిగిలిన సాగిన చెవులవి. జనగామకు సమీపముననున్న కొలనుపాక జైనక్షేత్రమునకు పోయినవారు తీర్థంకరమూర్తులయందును ఇట్టి చెవులనే చూతురు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు ప్రతిష్ఠింపజేసిన రామప్ప దేవాలయమున నల్లరాతి మదనికల చెవులకు పెద్ద కుండలములు కలవు. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదైన ఆ గ్రామము 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాలోనికి పోయినది. 2021లో ఆ దేవాలయమునకు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు కలిగినది. భూపాలపల్లి జిల్లా గణపురమునందలి కోటగుళ్ళును ఆ కాకతీయ శిల్పసంప్రదాయములోనివే.

ఇచట ఒక విశేషము. చెవి సొమ్ములకు ఇన్ని పేర్లు చెప్పిన అమరసింహుడు ముక్కు సొమ్మునకు ఒక్క పేరైనను చెప్పలేదు. సుశ్రుతుడు చెవి కుట్టు విధానమును అధ్యాయముగా వ్రాసెనే గాని ముక్కు కుట్టుటను గూర్చి చెప్పలేదు. నత్తును గూర్చి పరిశోధించిన పి. కె. గోడే పండితుడు మన దేశమున ముక్కు సొమ్ము మధ్యయుగమున వచ్చినదే యని నిరూపించెను. కావున చెవి కుట్టు ఆచారము మిక్కిలి పాతది. ముక్కు కుట్టు ఆచారము దానితో పోల్చిన క్రొత్తది.

మన ప్రాంతమున నిన్నమొన్నటి వఱకు పురుషులును చెవులకు పోగులు పెట్టుకొనెడివారు. స్త్రీలకు కమ్మలు, గెంటీలు, దుద్దులు, జూకాలు, పైచెవికి బావిలీలు, ముక్కునకు పుడక, ముక్కెర, బులాకి. మానుకోట తండాలలోని లంబాడీ స్త్రీలకు ముక్కున భూరియా యను పెద్ద సొమ్ము కలదు. చెవుల ప్రక్కన వ్రేలాడు వారి ఘుగ్రీ, టోప్లీలను చూచి అవి చెవులకు కుట్టినవని కొందరు భ్రమపడుదురు. అవి జుట్టునకు కట్టినవి. బరువును చెవిమీద వేయక కేశములమీద వేయుటలో ఆ స్త్రీలు చూపిన వివేకము ప్రశంసింపదగినది. మన యిండ్లలోని మాటీలకును ప్రయోజనమదియే; జూకా బరువును అవి జుట్టునకు పంచును.

ఇక శాస్త్రము. షోడశ సంస్కారములను లెక్కించుచు వ్యాసస్మృతి కర్ణవేధమును తొమ్మిదవదిగా పేర్కొనినది. కాని ప్రాచీన గృహ్యసూత్రములలో పెక్కింట దీని ప్రసక్తి లేదు. విధానమును సాంగముగా చెప్పినవి ధర్మశాస్త్రములు కావు, వైద్యశాస్త్రములు. సుశ్రుత సంహిత సూత్రస్థానమున పదునాఱవ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. 1890లో మధ్యాసియాలోని కూచా యను చోట లభించిన బవరు వ్రాతప్రతిలో సుశ్రుతుని పేరు కానవచ్చుటచేత, క్రీస్తుశకము ఆఱవ శతాబ్ది నాటికే ఆయన కీర్తి హిమాలయముల కావల వ్యాపించియుండెనని తెలియుచున్నది.

శిశువు చెవులను కుట్టుటకు సుశ్రుతుడు రెండు ప్రయోజనములు చెప్పెను: రక్ష, భూషణము. ఆఱవ నెలయందో ఏడవ నెలయందో, శుక్లపక్షమున మంచి దినమున, స్వస్తివాచనము చేయించి, శిశువును దాది ఒడిలో కూర్చుండబెట్టి, ఆటవస్తువులతో లాలించుచు కుట్టవలెను. వైద్యుడు ఎడమచేత చెవిని సాగదీసి పట్టుకొని సూర్యకాంతిలో చూడవలెను. చెవితమ్మెలో వెలుతురు స్పష్టముగా కనబడు పలుచని తావు ఒకటి యుండును; దానిని ఆయన దైవకృత ఛిద్రమనెను. అచటనే, కుడిచేత, మెల్లగా, తిన్నగా సూది దింపవలెను. బాలునకు మొదట కుడిచెవి, బాలికకు మొదట ఎడమచెవి. చెవి పలుచనైనచో సూది, దళసరియైనచో ఆర యను పనిముట్టు వాడవలెను. రక్తము ఎక్కువగా కారినను, నొప్పి ఎక్కువగా కలిగినను అది తగిన తావు కాదని తెలిసికొనవలెను. ఉపద్రవమేమియు లేనిచో తగిన తావున గ్రుచ్చినట్లు గ్రహింపవలెను.

వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానమున మఱికొన్ని మాటలు చేర్చెను. ఎనిమిదవ నెలయును తగినదే. శిశువునకు రోగమేమియు లేకుండవలెను. కాలము చలికాలమై యుండవలెను. కుట్టవలసిన తావును లత్తుకతో గుఱుతు పెట్టి, కదలనీయక, ఒక్కసారియే, తిన్నగా, చులుకనగా గ్రుచ్చవలెను. పైకిగాని, ప్రక్కకుగాని, క్రిందికిగాని పోరాదు.

పెద్దలారా, ఈ నియమములలో ముహూర్తమును మనము జ్ఞప్తియందుంచుకొంటిమి. రోగము లేని శిశువు, చల్లని కాలము, వెలుతురు, ముందుగా పెట్టిన గుఱుతు, ఒక్క పోటు అను వానిని మఱచితిమి. జలుబుతో దగ్గుచున్న బిడ్డకు, వైశాఖమాసపు టెండలో, జాతరలోని దుమ్ము నడుమ, లగ్నము దాటునను తొందరలో చెవులు కుట్టించుట శాస్త్రము కాదు. శాస్త్రమునకు విరుద్ధము.

కుట్టిన పిమ్మట సుశ్రుతుడు చెప్పిన కాపుదల యిది. రంధ్రమున నూలు వత్తి పెట్టి, కాచని నూనెతో తడుపుచుండవలెను. మూడేసి దినముల కొకసారి పాత వత్తిని తీసి, కొంచెము లావైన క్రొత్త వత్తి పెట్టవలెను. మరల నూనెతో తడుపవలెను. నొప్పి, వాపు మొదలగు దోషములు పూర్తిగా తగ్గిన పిమ్మటనే రంధ్రమును పెద్దది చేయుటకు తేలికయైన వర్ధనకమును, అనగా సాగదీయు పుల్లను, పెట్టవలెను. ఈ క్రమములోని సూక్ష్మమును గమనింపుడు. మురికిపడినదానిని మార్చుట, తొందరపడకుండుట, వ్రణము మానకముందు బరువు మోపకుండుట అను మూడును ఇందు కలవు.

చెవి చెడినచో దానికి కారణములను కూడ ఆయన లెక్కించెను. సూది మొద్దుబాఱినదో వంకరయైనదో మంచిది కానిదో యగుట. పెట్టిన వత్తి మిక్కిలి లావగుట. శరీరమున దోషములు ప్రకోపించుట. తగని తావున గ్రుచ్చుట. ఇట్లు వాపును నొప్పియు కలిగినచో వెంటనే వత్తిని తీసివేసి, యష్టిమధుకము, ఆముదపు వేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూఱిన ముద్దలో తేనెయు నేయియు బాగుగా కలిపి, పుండు చక్కగా మానువఱకు పట్టువేయవలెను. మానిన తరువాతనే మరల కుట్టవలెను. చెడిన రంధ్రమును మొండిపట్టుతో నిలుపుకొనుటకంటె, మాననిచ్చి మరల కుట్టుటయే మేలని ఆయన నిశ్చయము. 'బంగారు కత్తియని మెడ కోసికొందుమా' యను మన సామెత ఇచటికి తగియున్నది. పెట్టినది మేనమామ తెచ్చిన బంగారమే యైనను, చెవి చెడుచున్నప్పుడు దాని నట్లే యుంచుదమని పట్టుపట్టరాదు.

ఇక ఈ ప్రసంగమునకు ముఖ్యమైన విషయము. చెవిలో కాళిక, మర్మరిక, లోహితిక యను మూడు సిరలు కలవనియు, తెలియనివాడు కుట్టినప్పుడు అవి తెగినచో భయంకరమైన ఉపద్రవములు కలుగుననియు సుశ్రుతుడు చెప్పెను. కాళిక తెగినచో జ్వరము, మంట, వాపు. మర్మరిక తెగినచో నొప్పి, జ్వరము, గడ్డలు. లోహితిక తెగినచో మన్యాస్తంభము, అపతానకము, శిరోగ్రహము, కర్ణశూల. వాగ్భటుడును ఇట్లే చెప్పెను. మన్యాస్తంభమనగా మెడ కొయ్యబాఱుట. అపతానకమనగా శరీరము ఈడ్చుకొని వంగిపోవు వాతము. ఈ రెండును కలిసిన వ్యాధిని మనము ధనుర్వాతమందుము. చెవి కుట్టిన శిశువులలో కొందరు కొన్నాళ్ళకు మెడ బిగిసి, విల్లువలె వంగి మరణించుటను ఆ వైద్యులు కన్నులార చూచి వ్రాసిరి. వారు చూచినది సత్యము. కారణమును సిరయందు వెదకిరి; అది మాత్రము సరికాదు.

నిజమైన కారణము పందొమ్మిదవ శతాబ్ది చివర గాని తెలియలేదు. 1884లో జర్మనీ దేశమున నికొలైయరు అను వైద్యుడు మట్టిని జంతువుల శరీరమున ప్రవేశపెట్టి, మట్టిలోని సూక్ష్మజీవి వలన ధనుర్వాతము కలుగునని చూపెను. 1889లో జపానుదేశీయుడైన కితసాతో బెర్లినులో ఆ సూక్ష్మజీవిని వేఱుచేసి పెంచెను. మఱుసటి సంవత్సరము అతడును బేరింగును దాని విషమునకు విరుగుడు కలదని నిరూపించిరి. 1920 తరువాతి దశకమున ఫ్రాన్సు దేశమున ఆ విషమును నిర్వీర్యము చేసి టీకామందును తయారుచేసిరి. ఈ సూక్ష్మజీవి మట్టియందును, పశువుల పేడయందును గింజవంటి రూపమున ఏండ్ల తరబడి నిద్రించును. నీరు మరగునంతటి వేడిమికి కూడ ఆ గింజ చావకపోవచ్చును. అందుచేతనే ఆసుపత్రులలో పనిముట్లను 121 డిగ్రీల వేడిగల ఆవిరిలో ఒత్తిడితో శుద్ధి చేయుదురు. గాలి చొరని లోతైన సన్నని గాయము దానికి మిక్కిలి అనుకూలము. చెవి రంధ్రము అట్టి గాయమే.

ఇప్పుడు మన పల్లెలలో జరుగు పనిని దీని ప్రక్క నుంచి చూడుడు. కుట్టిన చెవి చీము పట్టినచో కొందరు పొయ్యిబూడిద నద్దుదురు. కొందరు పేడబూడిదను, కొందరు పసుపు నూనెను పట్టింతురు. కొందరు చీపురు పుల్లను దూర్తురు. అడిగినచో 'పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము' అందురు. పూర్వమునుండి వచ్చినమాట నిజమే కావచ్చును. కాని సుశ్రుతుడు ఈ సందర్భమున పేడను చెప్పలేదు, బూడిదను చెప్పలేదు. పేడలోనో మట్టిలోనో ఆ సూక్ష్మజీవి యున్నయెడల, దానిని మనచేతులతో గాయములో నాటినట్లే యగును. పసుపునకు క్రిములను అణచు గుణము కొంత కలదు. అయినను అంగడిలో కొన్న పొడి శుద్ధమైనది కాదు. అది పచ్చిపుండులో గట్టిగా అంటుకొని రంధ్రమును మూసి చీమును లోపల నిలుపును. ఆచారమని చెప్పబడునదంతయు శాస్త్రము కాదు. శాస్త్రములోని ప్రతి మాటయు నేటికి చెల్లదు. రెంటిని జల్లించుటయే పెద్దల పని.

శాస్త్రములోని మాట నేటికిని చెల్లుచున్న చోటు ఒకటి చూపెదను. కొందరిండ్లలో పదునొకండవ దినమునో ఇరువదియొకటవ దినమునో చెవులు కుట్టింతురు. సుశ్రుత వాగ్భటులు ఆఱు మొదలు ఎనిమిది నెలల వఱకు ఆగుమనిరి. నేడు ప్రభుత్వము శిశువులకు వేయించు టీకాలలో ధనుర్వాతమును నివారించునది ఆఱవ వారమున, పదవ వారమున, పదునాలుగవ వారమున వేయబడును. ఆఱవ నెల వచ్చునప్పటికి మూడును పూర్తియై శిశువునకు రక్ష సిద్ధమైయుండును. ప్రాచీనులు టీకాల నెఱుగరు. అయినను వారు చెప్పిన వయస్సే నేటి వైద్యమునకును అనుకూలించుచున్నది. కావున మూడవ టీకా పడనిదే చెవులు కుట్టింపరాదను నియమమును ప్రతి యింటి పెద్దయు పెట్టుకొనవలెను. ఏడాదిన్నర వయస్సునను, అయిదాఱేండ్లకును, పదియవ, పదునాఱవ యేండ్లకును మరల టీకాలు కలవు. పెద్దపిల్లలకు ముక్కు కుట్టించునప్పుడు అవి పడినవో లేదో అడిగి తెలిసికొనుడు. తల్లులకును శిశువులకును టీకాలు వేయుటచేతను, కాన్పులు శుభ్రముగా జరుగుటచేతను, నవజాత శిశువుల ధనుర్వాతము మన దేశమున ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువపఱచినది. సమస్య తొలగినదే గాని, మట్టిలోని గింజ తొలగలేదు.

నేటి వైద్యులు చెప్పు కాపుదల మిక్కిలి సులభమైనది, ఖర్చులేనిది. కుట్టువాడు చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. సూది క్రొత్తదై, పొట్లము విప్పి తీసినదై యుండవలెను. ఒకరికి వాడినది వేఱొకరికి వాడరాదు. కుట్టిన పిమ్మట తల్లి గాని అమ్మమ్మ గాని, ఎవరు చెవిని తాకినను ముందు చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. మరగకాచి చల్లార్చిన గిద్దెడు నీటిలో చిటికెడు ఉప్పు కరిగించి, దానిలో ముంచిన శుభ్రమైన దూదితో దినమునకు రెండుసారులు ముందువైపును వెనుకవైపును మెల్లగా తుడిచి, తడి లేకుండ అద్దవలెను. కట్టిన పొక్కును గోటితో పెకలింపరాదు. నానిన పిమ్మట అదియే రాలును. తీగను ఊరక త్రిప్పుచుండరాదు. నూనె, పసుపు, ఆకుపసరు, సుగంధద్రవ్యములు దరిచేర్పరాదు. సుశ్రుతుడు చెప్పిన కాచని నూనెకు బదులు నేడు ఉప్పునీరు వచ్చినదని గ్రహింపుడు. మానువఱకు చెఱువునగాని, కుంటలోగాని, ఈతబావిలోగాని ముంచి స్నానము చేయింపరాదు. చెవితమ్మె మానుటకు సుమారు ఆఱు వారములు పట్టును. అంతవఱకు తీగను తీయరాదు. తీసినచో రంధ్రము పూడిపోవును. తీగ చెవిని నొక్కునంత బిగువుగా ఉండరాదు. మొదటి దినములలో కొంచెము వాపు సహజము గనుక దానికి చోటు విడువవలెను.

లోహమును గూర్చి యొక మాట. నికెలు కలిసిన చౌక సొమ్ములు పెక్కుమందికి పడవు. దురద పుట్టి, రసికాఱి, మానవలసిన పుండు మానదు. జనగామ సమీపమున పెంబర్తి కంసాలుల యిత్తడిపని లోకప్రసిద్ధమైనది. ఆ యిత్తడి దేవాలయమునకును గృహమునకును శోభ. పచ్చిగాయమునకు మాత్రము ఇత్తడిగాని, పూతపూసిన సొమ్ముగాని తగదు. మేలిమి బంగారపు సన్నని తీగయే పెట్టుమని మన పెద్దలు చెప్పుట యుక్తమైన మాట.

ఎఱ్ఱదనము నానాటికి వ్యాపించుట, చీము, జ్వరము, తీగ మాంసములో పూడుకొనిపోవుట అను చిహ్నములలో ఏదేని కనబడినచో వైద్యునకు చూపవలెను. తీగను తీయవలెనో ఉంచవలెనో ఆయనయే నిర్ణయించును. దవడ బిగిసినను, మ్రింగుట కష్టమైనను, మెడ కొయ్యబాఱినను ఒక్క గడియయైనను ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. అది మంత్రములకును తాయెత్తులకును సమయము కాదు.

పైచెవి సంగతి వేఱు. ఇటీవల పట్టణములలోని యంగళ్ళలో తుపాకివంటి యంత్రముతో పైచెవిని, ముక్కును కుట్టుచున్నారు. పల్లెబడులలో చాలకాలము చదువు చెప్పినవాడను గనుక, సంక్రాంతి సెలవుల పిమ్మట పైచెవి ఉబ్బి తలపట్టుకొని కూర్చున్న బాలికలను నేను చూచియున్నాను. చెవితమ్మె మెత్తని మాంసము, రక్తము సమృద్ధిగా పాఱును, త్వరగా మానును. పైచెవి మృదులాస్థి, దానికి సొంతముగా రక్తనాళములు లేవు, పైనున్న పొర ద్వారానే పోషణ. అచట చీము పట్టినచో మందు చేరుట కష్టము. మృదులాస్థి కరగి చెవి ముడుచుకొని శాశ్వతముగా వికారమగును. మానుటకు కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది పట్టును. ఆ యంత్రము సూదివలె కోయదు. మొద్దు మొనను బలముగా దూర్చును. దానిలోని ప్లాస్టికు భాగములను ఆవిరిలో శుద్ధిచేయుట సాధ్యము కాదు. మొద్దు సూదియు, తగని తావును చెడుపునకు కారణములని చెప్పిన సుశ్రుతుని మాట ఈ యంత్రమునకు సరిగా తగులును. ఇక కొందరి వంశములలో గాయము మానిన చోట కణితివలె పెరుగు గుణము కలదు; ఇంటిలో ఎవరికైన అట్లున్నచో వైద్యుని అడుగక కుట్టింపరాదు.

చెవి సాగి తెగినవారికిని ఆ యధ్యాయమున ఆశ కలదు. బరువుచేతను దెబ్బచేతను రెండు వ్రక్కలైన తమ్మెలను అతుకుటకు సుశ్రుతుడు నేమిసంధానకము మొదలుకొని కాకౌష్ఠకము వఱకు పదునైదు విధములు చెప్పెను. తమ్మె బొత్తిగా లేనివానికి చెక్కిలి మాంసమును కొంత వేరు తెగకుండ తీసి చెవిగా అతుకవచ్చుననెను. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో కట్టు విధమును కూడ ఆ యధ్యాయముననే వివరించెను. ఈ విద్య గ్రంథములతోనే నశింపలేదు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున చెఱపడి ముక్కు కోయబడిన కావాస్‌జీ యను బండివానికి పూనాలో ఒక దేశీయుడు నొసటి చర్మముతో ముక్కు కట్టెను; ఆ వృత్తాంతము 1794 అక్టోబరున లండనులోని యొక మాసపత్రికలో బొమ్మతో ప్రకటింపబడినది. దానిని చదివి కార్ప్యూ అను ఆంగ్లేయ శస్త్రవైద్యుడు 1814లో ఆ పనిని చేసెను. నేటి యూరపు చర్మసంధాన వైద్యమునకు అది యొక మూలము. చెవి కుట్టుటలోని చిన్న యపాయమును సవరింపబూనిన విద్య, లోకమునకు ముక్కును తిరిగి యిచ్చునంతగా పెరిగినది. నేడు మన జిల్లాకేంద్రపు టాసుపత్రులలో గెంటీల బరువుతో తెగిన తమ్మెను చిన్న మత్తుసూదితో కుట్టివేయుట సామాన్యమైన పని. మన ముసలితల్లులు సిగ్గుపడి తెగిన చెవిని కొంగుచాటున దాచుకొన నక్కఱలేదు.

కాకతీయ రుద్రమదేవి కాలమునాటి 1261 మల్కాపుర శాసనమున విశ్వేశ్వర గోళకీ మఠమునకు అనుబంధముగా ప్రసూతిశాలయు ఆరోగ్యశాలయు ఉండెనని చెప్పబడినది. మందిరమును, మఠమును, వైద్యశాలను ఒక్కచోట నిలిపిన పాలకుల నేల యిది. భక్తికి వైద్యము విరోధి యని ఆనాటివారు తలపలేదు. కావున కురవి వీరభద్రస్వామి సన్నిధిని పుట్టువెండ్రుకలు తీయింపుడు. కాళేశ్వరమున మ్రొక్కు చెల్లింపుడు. కొమురవెల్లి మల్లన్నకు బోనము పెట్టుడు. చెవులు కుట్టించుట మాత్రము శిశువునకు టీకాలు ముగిసిన పిమ్మట, చలికాలపు ప్రొద్దుట, ఇంటి వెలుతురులో గాని వైద్యుని యెదుట గాని జరిపింపుడు.

ముహూర్తము పెట్టునప్పుడు ఇంటిలో అందరును మీ మాట విందురు. ఆ దినమున మఱి రెండు మాటలు మీ నోట రావలెను: టీకాలు పడినవా యని ఒకటి, ఈ ఆఱు వారములు చెవిని కడుగువారెవరని రెండవది. రక్షకొఱకును భూషణముకొఱకును కుట్టుమని సుశ్రుతుడు చెప్పినప్పుడు, ఆయన రక్షనే ముందు చెప్పెను, భూషణము తరువాతిది.

స్వస్తి.